ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ మధ్యలో చల్లబడిపోయిన టీమ్‌ని మళ్లీ కదిలించడం ఎలా: టీమ్ లీడర్ల కోసం సమగ్ర మార్గదర్శి

ఏటా జనవరి నెలాఖరుకి ఎవరో ఒక టీమ్ లీడర్ నా టేబుల్ ముందుకొచ్చి నిలబడతారు. సంక్రాంతి సెలవులు అయిపోయి, 4-2 (నాలుగో ఏడాది రెండో సెమిస్టర్) మొదలై ఉంటుంది. "సార్, మా బ్యాచ్‌లో ఎవరూ పని చేయట్లేదు. గ్రూప్‌లో మెసేజ్ పెడితే అందరూ చూస్తారు, ఒక్కరూ రిప్లై ఇవ్వరు" అంటారు. టైటిల్ ఖరారైన రోజు ఈ నలుగురే ఒకరి మాట ఒకరు వినకుండా పోటీపడి మాట్లాడారు. అది నాకు బాగా గుర్తుంటుంది కాబట్టి ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది.

సరిగ్గా ఈ టైంలోనే ఎవరో ఒకరు "అమీర్‌పేట వెళ్లి కొనేద్దాం మావా" అంటారు, అంటే హైదరాబాద్‌లో రెడీమేడ్‌గా దొరికే ప్రాజెక్ట్ కొనేద్దామని. చాలామంది అది బద్ధకం అనుకుంటారు. నేనైతే అలసట అనే అంటాను. తమ వల్ల కాదని నమ్మకం కుదిరిపోయిన పిల్లలు అనే మాట అది.

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) చెబుతాను. పన్నెండేళ్లుగా బీటెక్ ప్రాజెక్టులకి గైడ్‌గా ఉంటున్నాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. టీమ్‌ని ఉపన్యాసాలు లేపలేవు. పని ఏదో ఒక చోట కదలాలి, ఆ కదలిక నలుగురి కళ్లా పడాలి. ఉత్సాహం ఆ తర్వాతే వస్తుంది. కింద చెప్పే మెట్లన్నీ ఆ కదలిక తెప్పించడానికే.

1. మీటింగ్ పెట్టకండి, ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి

టీమ్ చల్లబడిందని తెలియగానే లీడర్ గ్రూప్‌లో ఒక పెద్ద మెసేజ్ పెడతాడు. "ఇంకా మూడు నెలలే ఉంది, దయచేసి అందరూ సీరియస్‌గా తీసుకోండి" అని. ఆ మెసేజ్ అప్పటిదాకా కాస్తో కూస్తో పని చేస్తున్న మనిషికి గుచ్చుకుంటుంది. చేయనివాళ్లు దాన్ని పట్టించుకోరు.

దాని బదులు రెండు మూడు రోజులు తీసుకుని ఒక్కొక్కరినీ విడిగా కలవండి. క్యాంటీన్‌లోనో, ల్యాబ్ అయ్యాక మెట్ల మీదో కూర్చోండి. "ఎందుకు చేయట్లేదు?" అని అడగొద్దు. అలా అడిగితే సంజాయిషీ తప్ప ఇంకేమీ రాదు. "నీ పని ఎక్కడ ఆగింది?", "ఇందులో నీకు బాగా చిరాకు తెప్పిస్తున్నది ఏంటి?", "వారంలో నిజంగా ఎన్ని గంటలు ఇవ్వగలవు?" అని అడగండి. మూడో ప్రశ్నకి "రెండు గంటలు" అని జవాబొచ్చినా ముఖం మాడ్చుకోకండి. ఇస్తానని ఇవ్వని పది గంటల కన్నా, నిజంగా ఇచ్చే రెండు గంటలు మేలు.

పైకి అందరూ ఒకేలా మౌనంగా ఉంటారు గానీ లోపల కారణాలు వేరువేరుగా ఉంటాయి. నేను ఎక్కువగా చూసినవి నాలుగు. ఒకరికి పని రాదు, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు. ఒకరికి టైం లేదు: ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లు, బ్యాక్‌లాగ్స్, ఇంటి ఇబ్బందులు. ఒకరికి ఈ ప్రాజెక్ట్ పూర్తవుతుందన్న నమ్మకం పోయింది. ఇంకొకరి మనసు నొచ్చుకుంది; ఎప్పుడో ఎవరో అన్న మాట లోపలే ఉండిపోయింది. పని రాని మనిషికి పక్కన కూర్చుని నేర్పించాలి. టైం లేని మనిషికి వాటా తగ్గించాలి. నమ్మకం పోయినవాళ్లకి పనిచేసే ముక్క ఒకటి చూపించాలి. నొచ్చుకున్నవాళ్లకి క్షమాపణ చెప్పాలి. నలుగురికీ ఒకే మందు వేస్తే ఒక్కరికీ పనిచేయదు.

ఒక బ్యాచ్‌లో ఒక కుర్రాడు ఆరు వారాలు ఏ మీటింగ్‌లోనూ నోరు విప్పలేదు. మిగతావాళ్లు అతన్ని లెక్కలోంచి తీసేశారు. విడిగా అడిగితే తెలిసింది, నాన్నకి ఆపరేషన్ అయిందని, సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా వెళ్లి రాత్రి దాకా షాపులో కూర్చుంటున్నాడని. "మీరెవరూ అడగలేదు సార్" అన్నాడు. అతనికి రాత్రిళ్లు ఇంటి దగ్గర చేసుకోగలిగే డాక్యుమెంటేషన్ పని ఇచ్చాం. చివరికి ఆ బ్యాచ్‌లో అందరికన్నా ముందు పూర్తయింది అతని భాగమే.

2. మీ వైపు తప్పుంటే ముందు మీరే చెప్పండి

నా సొంత బీటెక్ ప్రాజెక్ట్‌లో నేనే లీడర్‌ని. కోడ్ మొత్తం నా దగ్గరే పెట్టుకున్నాను. ఎవరైనా ఒక మార్పు చేసి తెస్తే, నాకు నచ్చినట్టు లేదని రాత్రికి రాత్రే మొత్తం తిరగరాసేవాణ్ని. మార్చికల్లా నాతో మాట్లాడేవాళ్లే లేరు. ఒక రోజు నా ఫ్రెండ్ "నువ్వే చేసుకుంటావుగా, మేమెందుకు?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కోపం లేదు. అందుకే ఇప్పటికీ మర్చిపోలేను.

మీరు కూడా అలా చేసి ఉంటే దాచకండి. "మీరు చేసినవి నేను మార్చేశాను, అడక్కుండా మార్చడం తప్పు. ఇకమీదట మీ భాగం మీదే" అని సూటిగా చెప్పండి. మళ్లీ అదే పని చేయకపోతేనే ఆ మాటకి విలువ ఉంటుంది.

3. ప్రాజెక్ట్‌ని చిన్నది చేయండి

మొదట్లో రాసిన అబ్‌స్ట్రాక్ట్ (ప్రాజెక్ట్ సారాంశం) తీసి చదవండి. ఉదాహరణకి ఆటోమేటిక్ డ్రిప్ ఇరిగేషన్ ప్రాజెక్ట్ అనుకుందాం. నేలలో తేమ కొలవాలి, పంపు దానంతటదే ఆన్ అవ్వాలి, రైతుకి ఎస్‌ఎంఎస్ వెళ్లాలి, మొబైల్ యాప్ ఉండాలి, సోలార్‌తో నడవాలి, ఆపైన మెషీన్ లెర్నింగ్‌తో వర్షం అంచనా. నలుగురు పిల్లలు, ఇంకా మూడు నెలలు. ఆ కాగితం చూస్తేనే నీరసం వస్తుంది.

ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీయండి: తప్పనిసరి, ఉంటే బాగుంటుంది, వదిలేద్దాం. తేమ కొలిచి పంపు నడపడం తప్పనిసరి. ఎస్‌ఎంఎస్ ఉంటే బాగుంటుంది. మిగతావి వదిలేద్దాం గడిలోకి వెళ్లాలి. ఈ పని నలుగురూ కూర్చుని చేయాలి, ఎందుకంటే వదిలేసే హక్కు అందరిదీ.

తర్వాత గైడ్ దగ్గరికి వెళ్లండి. "సార్, కావట్లేదు" అంటూ మొదలుపెట్టొద్దు. "సార్, ఈ రెండూ పక్కాగా పనిచేసేలా చేస్తాం, పది రోజుల రీడింగ్స్ తీసి గ్రాఫ్ చూపిస్తాం, యాప్‌ని ఫ్యూచర్ స్కోప్‌లో పెడతాం" అని చెప్పండి. గైడ్‌గా నా అనుభవంతో చెబుతున్నాను: సగం సగం చేసిన ఆరు ఫీచర్ల కన్నా, ఒక్కటి గట్టిగా చేసి దాని లెక్కలతో వచ్చిన బ్యాచ్‌ని ఏ గైడ్ అయినా సంతోషంగా ముందుకు పంపిస్తారు. కొందరు గైడ్లు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కనీసం ఏది ముందు, ఏది తర్వాత అన్నది వాళ్ల చేతే చెప్పించుకుని రండి.

4. ఈ వారంలోనే కంటికి కనిపించే ఒక్క పని పూర్తి చేయండి

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో థెరెసా అమబైల్ అనే ప్రొఫెసర్ బృందం ఏడు కంపెనీల్లో ప్రాజెక్టులు చేస్తున్న 238 మంది చేత రోజూ డైరీ లాంటిది రాయించింది. అలా పోగైన దాదాపు 12,000 ఎంట్రీలు చదివి చూస్తే, మనిషికి పని మీద ఉత్సాహం ఉన్న రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ఒక్కటే: ఆ రోజు పని కాస్తయినా ముందుకు జరగడం. చిన్న అడుగైనా సరే.

దీన్ని నేను ల్యాబ్‌లో కళ్లారా చూశాను. ఇందాక చెప్పిన డ్రిప్ ప్రాజెక్ట్ లాంటిదే ఒక బ్యాచ్ చేస్తోంది. ఆర్డునో ఊనో అనే చిన్న కంట్రోల్ బోర్డుకి మామూలు సాయిల్ మాయిశ్చర్ సెన్సర్ (మట్టిలో తేమ కొలిచేది) కలిపారు. సంక్రాంతికి ముందు అన్నీ బాగానే పనిచేశాయి. సెలవుల నుంచి వచ్చి చూస్తే, మట్టి తడిపినా ఎండబెట్టినా స్క్రీన్ మీద ఒకటే అంకె: 1023, అంటే మట్టి పూర్తిగా పొడిగా ఉందని. రెండు వారాలు కోడ్ తిరగేశారు. కోడ్ రాసిన అమ్మాయి తన మీదే తప్పు వేసుకుని ల్యాబ్‌కి రావడం మానేసింది. మిగతా ముగ్గురూ మాట్లాడుకోవడం తగ్గించారు.

నేను వాళ్లని కూర్చోబెట్టి ఒకటే చెప్పాను. "ఈ రోజు ప్రాజెక్ట్ సంగతి మర్చిపోండి. పంపు వద్దు, రిలే వద్దు, ఎస్‌ఎంఎస్ వద్దు. ఒక గ్లాసు నీళ్లు, ఒక సెన్సర్, ఒక అంకె. అది మారితే చాలు." సెన్సర్‌ని మట్టిలోంచి లాగి గుడ్డతో తుడిచారు. రెండు కాళ్లలో ఒకదాని మీద మెరుపు పూత మొత్తం తినేసి, ఆకుపచ్చగా పొక్కులు లేచి ఉంది. సెలవులన్నాళ్లూ కరెంట్ ఆన్‌లోనే ఉంచి, తడి మట్టిలో వదిలేసి ఊరెళ్లారు. తడిలో కరెంట్ ఆగకుండా పారితే ఈ రకం సెన్సర్ కాలు అలాగే తినేస్తుంది. కోడ్‌లో తప్పేం లేదు.

వంద రూపాయల లోపు పెట్టి కొత్త సెన్సర్ తెచ్చారు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి పిలిపించారు. గాలిలో పెడితే వెయ్యి దాటింది, నీళ్లలో ముంచితే ఒక్కసారిగా మూడు వందల దగ్గరికి పడింది. పైకి తీశారు, పెరిగింది. మళ్లీ ముంచారు. పది నిమిషాలు నలుగురూ వంతులవారీగా ముంచుతూనే ఉన్నారు. ఆ సాయంత్రమే, రీడింగ్ తీసే క్షణంలో మాత్రమే సెన్సర్‌కి కరెంట్ ఇచ్చేలా ఆ అమ్మాయి కోడ్ మార్చింది. అప్పటిదాకా ఎస్‌ఎంఎస్ పని ముట్టుకోని కుర్రాడు మర్నాడు అడక్కుండానే మొదలుపెట్టాడు.

మీ ప్రాజెక్ట్‌లో ఆ గ్లాసు నీళ్లు ఏంటో వెతకండి. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ అయితే ఒక్క లాగిన్ పేజీ పనిచేయడం కావచ్చు. మెషీన్ లెర్నింగ్ అయితే మొత్తం డేటా పక్కన పెట్టి పది ఫొటోల మీద మోడల్ నడిపి చూడడం. సివిల్ వాళ్లకి ఒక్క కాంక్రీట్ మిక్స్‌తో మూడు క్యూబ్‌లు పోయడం. ఆ పనికి మూడు లక్షణాలు ఉండాలి: వారం లోపు అయిపోవాలి, చూడగానే అయిందని తెలియాలి, అందులో కనీసం ఇద్దరి చేయి పడాలి. పూర్తవగానే వీడియో తీసి గ్రూప్‌లో పెట్టండి. గైడ్‌కి కూడా పంపండి. మేం కూడా సంతోషిస్తాం.

5. "మనం చేద్దాం" అనకండి, పేరు పెట్టి పని అప్పగించండి

మాక్స్ రింగెల్మన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు నూరేళ్ల కిందటే తాడు లాగించి కొలిచాడు, 1913లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలాన్ని నూరు అనుకుంటే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతుకి సగం కూడా రాలేదు. ఇందులో కొంత కారణం అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం. అయితే 1974లో అమెరికాలో కొందరు పరిశోధకులు కళ్లకి గంతలు కట్టి, వెనక ఇంకా మనుషులున్నారని నమ్మించి ఒక్కడి చేతే లాగించారు. అప్పుడూ బలం తగ్గింది. వెనక ఎవరో లాగుతున్నారు అనుకుంటే చాలు, మన చేయి సడలిపోతుంది. చెడ్డవాళ్లకే కాదు, అందరికీ ఇంతే.

అందుకే "ఈ వారం పీపీటీ పూర్తి చేద్దాం" అంటే ఎవరూ చేయరు. ఎవరి పేరు, ఏ పని, ఏ రోజు అన్నవి మూడూ ఉండాలి. "4 నుంచి 9 స్లైడ్లు నువ్వు, గురువారం రాత్రికల్లా" అనాలి. కష్టమైన పనులు ఇద్దరికి కలిపి ఇవ్వండి, ఒకరు వచ్చినవాళ్లు, ఒకరు నేర్చుకునేవాళ్లు. ముగ్గురికి మాత్రం ఒకే పని ఇవ్వకండి.

బోరు పనుల గురించి ఒక మాట. డాక్యుమెంటేషన్, ఫార్మాటింగ్, ప్రింట్లు తీయించడం లాంటివి ప్రతిసారీ ఒకే మనిషి మీద పడతాయి, చాలా టీముల్లో అది అమ్మాయిల మీద పడుతుంది. "నీ రైటింగ్ బాగుంటుందిగా" అంటారు. ఏడాదంతా మార్జిన్లు సరిచేసిన మనిషి తనకి ప్రాజెక్ట్‌లో ఏమీ రాలేదని వైవా (నోటి పరీక్ష) రోజు వణుకుతుంది. ఆ పనులు వంతులు వేసుకోండి.

6. మీటింగ్ చిన్నది, టైం అందరికీ కుదిరేది

హాస్టల్‌లో ఉండే లీడర్లు రాత్రి ఎనిమిదింటికి మీటింగ్ అంటారు. డే స్కాలర్ నాలుగింటికే కాలేజీ బస్సెక్కాలి. గర్ల్స్ హాస్టల్‌కి ఇన్‌టైమ్ ఉంటుంది. నాలుగుసార్లు రాలేకపోయిన మనిషి ఐదోసారికి తనకి సంబంధం లేదనుకోవడం మొదలుపెడతారు. మధ్యాహ్నం లంచ్ తర్వాత పదిహేను నిమిషాలు, వారానికి రెండుసార్లు చాలు.

ఆ పదిహేను నిమిషాల్లో ఒక్కొక్కరూ మూడు ముక్కలు చెప్పాలి: పోయినసారి నుంచి ఏం అయింది, ఇప్పుడు ఏం చేయబోతున్నాను, ఎక్కడ ఆగాను. మూడోది చెప్పినప్పుడు ఎవరూ నవ్వకూడదు, "అది కూడా రాదా" అనకూడదు. ఈ ఒక్క నియమం లీడర్ గట్టిగా కాపాడాలి. ఫోన్ హాట్‌స్పాట్‌కి నోడ్‌ఎంసీయూ అనే వైఫై బోర్డు కనెక్ట్ కావట్లేదని ఒకమ్మాయి పది రోజులు ఎవరికీ చెప్పుకోలేకపోయింది. హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంది, ఆ బోర్డు 2.4 మాత్రమే పడుతుంది. సెట్టింగ్ మార్చడానికి అర నిమిషం పట్టింది. పోయిన పది రోజులూ సిగ్గు ఖాతాలోవే.

7. ఎంత చెప్పినా చేయని మనిషి ఉంటే

ముందు విడిగా, సూటిగా చెప్పండి: "నువ్వు చేస్తానన్న పని రెండుసార్లు కాలేదు. మిగతావాళ్ల మీద పడుతోంది. ఏం చేద్దాం?" తర్వాత ఇంకా చిన్న పని, ఇంకా దగ్గర తేదీ ఇవ్వండి. అది కూడా కాకపోతే గైడ్‌కి చెప్పండి. ఇది చాడీ కాదు. చెప్పకుండా నెట్టుకొస్తే పని చేసే ఇద్దరి మనసు విరిగిపోతుంది, అది అన్నిటికన్నా పెద్ద నష్టం. గైడ్‌కి చెబుతున్నామని ఆ మనిషికి ముందే తెలియజేయండి, వెనకాల చెప్పకండి. గ్రూప్‌లో పేరు పెట్టి నిలదీయడం, మీమ్స్ వేయడం మాత్రం వద్దు. అలా అవమానపడి తిరిగొచ్చి పని చేసిన పిల్లల్ని నేను చూడలేదు.

8. రివ్యూలో తిట్లు తిన్న రోజు

రెండో రివ్యూలో ప్యానెల్ "ఇది మినీ ప్రాజెక్ట్‌కి కూడా చాలదు" అని పంపించేసిందనుకోండి. ఆ సాయంత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి. టైటిల్ మార్చడం, కొనేయడం, ఒకరినొకరు అనుకోవడం అన్నీ ఆ నాలుగైదు గంటల్లోనే జరుగుతాయి. టీ తాగి, తిట్టుకోవాల్సింది తిట్టుకుని ఇళ్లకి వెళ్లండి.

మర్నాడు ప్యానెల్ అన్న మాటలన్నీ గుర్తున్నంత వరకు కాగితం మీద రాయండి. గొంతు తీసేసి విషయం మాత్రం రాయండి. "మీరసలు ఇంజినీర్లేనా" అన్నదాన్ని కొట్టేయండి. "రీడింగ్స్ ఎన్ని రోజులు తీశారు" అన్నది ఉంచండి. చివరికి మిగిలేవి సాధారణంగా మూడో నాలుగో ఉంటాయి. వాటిలో తేలికైనది ముందు సరిచేసి, వారంలోపే ఆ ప్యానెల్‌లోని ఒక మేడమ్‌కో సార్‌కో వెళ్లి చూపించండి. "మీరు చెప్పింది చేశాం" అన్న పిల్లలతో కఠినంగా ఉండడం మాకూ కష్టమే.

9. సగం దూరాన్ని గుర్తుపెట్టుకోండి

అమెరికాలో కొనీ గెర్సిక్ (Connie Gersick) అనే పరిశోధకురాలు ఎనిమిది బృందాలను మొదటి నుంచి చివరి దాకా గమనించి 1988లో ఒక విషయం చెప్పారు. బృందాలు నెమ్మదిగా, సమానంగా ముందుకు పోవు. గడువులో సరిగ్గా సగం గడిచిన దగ్గర ఒక్కసారి కుదుపు వచ్చి, పాత పద్ధతి వదిలి కొత్తగా మొదలుపెడతాయి. కాబట్టి మొదటి సగం వృథా అయిందని కుమిలిపోనక్కర్లేదు. గోడ మీద క్యాలెండర్ పెట్టి, మీకున్న వారాల్లో సగం ఎక్కడ పడుతుందో గీత గీయండి. ఆ రోజున పాతవన్నీ పక్కనపెట్టి కొత్తగా పనులు పంచుకోండి. మిడ్ పరీక్షలు, డ్రైవ్‌లు, ఉగాది సెలవులు, ఎవరి ఇంట్లో అయినా పెళ్లి ఉంటే ఆ రోజులు ముందే కొట్టేయండి. ఆ రోజుల్లో పని కాదని ముందే తెలిస్తే, కానప్పుడు దిగులుండదు.

10. చివరి నెల, వైవా

ఈ దశలో టీమ్‌కి ఊపు దానంతటదే వస్తుంది. ఇప్పుడు అలిసిపోయేది లీడరే. రాత్రి రెండింటి దాకా మీరొక్కరే కూర్చుంటున్నారంటే ఏదో ఒక పని ఎవరికీ అప్పగించలేదని అర్థం. మర్నాడే అప్పగించండి. "నాక్కూడా ఓపిక అయిపోయింది, ఈ రెండు రోజులు ఎవరైనా చూసుకోండి" అని చెప్పడంలో తప్పు లేదు. చాలాసార్లు ఆ మాట విన్నాకే మిగతావాళ్లు లేస్తారు.

వైవాకి పది రోజుల ముందు ఒక పని చేయండి. ఎవరి భాగాన్ని వాళ్లు కాకుండా పక్కవాళ్ల భాగాన్ని వివరించాలి. మొదటి రోజు ఎవరికీ రాదు, ఫర్వాలేదు. నాలుగో రోజుకి వస్తుంది. ఆ నాలుగు రోజుల్లో ఎవరు ఎంత కష్టపడ్డారో ఒకరికొకరికి మొదటిసారి తెలుస్తుంది.

ఆ డ్రిప్ బ్యాచ్ వైవా రోజు ఎక్స్‌టర్నల్ సార్ (బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్) మొదట అడిగిన ప్రశ్న సెన్సర్ గురించే: "దీన్ని ఎప్పుడూ ఆన్‌లో ఎందుకు ఉంచలేదు?" జవాబు చెప్పింది కోడ్ రాసిన అమ్మాయి కాదు. రాత్రిళ్లు ఎస్‌ఎంఎస్ భాగం చేసిన కుర్రాడు జేబులోంచి పొట్లం తీశాడు. పొక్కులు లేచిన ఆ పాత సెన్సర్‌ని అందులో దాచుకుని తెచ్చాడు. దాన్ని సార్ ముందు టేబుల్ మీద పెట్టి, మొత్తం కథ చెప్పడం మొదలుపెట్టాడు.